అరువు మైదానంలో ఆలాపన

సికింద్రాబాదులో పాతకాలపు సంగీతాభిమానిని ఎవరినైనా కదిపి, మరిచిపోలేని కచేరీ ఏదని అడిగి చూడండి. రాగం పేరు ఆలస్యంగా వస్తుంది. ఒక్కోసారి పాడినవారి పేరు కూడా నాలుక చివరే ఆగిపోతుంది. ముందుగా వచ్చేది చోటు. “కీస్ హైస్కూల్ గ్రౌండులో...” అని మొదలుపెడతారు. ఆ తర్వాత చలి, మంకీ క్యాపు, మడత కుర్చీ, థర్మాస్ ఫ్లాస్కులో కాఫీ. ఇవన్నీ అయ్యాక తీరిగ్గా తోడి రాగం వస్తుంది.

దీనికి కారణం ఊరి పుట్టుకలోనే ఉంది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలసిన సైనిక శిబిరం ఇది. పెద్దవాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. సిపాయిలకు కావలసిన పరేడ్ మైదానం, బజారు, చర్చి, క్లబ్బు అన్నీ ఏర్పడ్డాయి. 1874లో రైలు కూడా వచ్చింది. సంగీతానికంటూ ఎవరూ ఏదీ కట్టలేదు. హుస్సేన్‌సాగర్‌కు అవతల హైదరాబాదులో ఠాగూర్ శతజయంతి పుణ్యమా అని 1961లో రవీంద్రభారతి లేచింది. ఇవతలి ఒడ్డువాళ్లు మాత్రం పాట వినాలంటే బడినో, గుడినో, రైల్వేవారినో అడిగి చోటు అరువు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆ అరువు చోట్లే లష్కర్ చెవికి అలవాటయ్యాయి. ప్యాట్నీ దగ్గర హరిహర కళాభవన్, రైల్వేవారి రైల్ కళారంగ్ వచ్చాక కూడా జ్ఞాపకాలు మాత్రం ఆరుబయటే తిరుగుతుంటాయి.

బడి గంట కొట్టిన తర్వాత

1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ప్రధాన కార్యాలయం సికింద్రాబాదు. మరుసటి ఏడు, అంటే 1967లో, ‘కళాసాగరం’ సంస్థ మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని రుజువు చేసే కాగితమేదీ చూపలేం గానీ, కచేరీలకు వచ్చినవాళ్లను తలచుకుంటే ఊహ పూర్తిగా తప్పు కాదనిపిస్తుంది. రైల్వేలో, బ్యాంకుల్లో, రక్షణశాఖ కార్యాలయాల్లో పనిచేసే తెలుగు, తమిళ కుటుంబాలు మారేడుపల్లిలో, పద్మారావునగర్‌లో కాపురాలు పెట్టాయి. పెట్టెల్లో సామాన్లతో పాటు వీణలు కూడా దిగాయి. పగలంతా ఆడపిల్లలు చదువుకునే కీస్ హైస్కూలు ఆవరణలో సాయంత్రానికి వేదిక లేచేది. కళాసాగరం వార్షికోత్సవాలకు ఏళ్ల తరబడి అదే చిరునామా. కర్ణాటక సంగీత కచేరీలే కాదు, నాటకాలూ అక్కడే.

ఆరుబయలు కచేరీలో గాయకుడికి వచ్చే కష్టాలు వేరు. మృదంగం వాయించేవారికి వచ్చేవి ఇంకా వేరు. చీకటి పడి మంచు దిగేసరికి తోలు తేమ పీల్చి సడలుతుంది, శ్రుతి జారుతుంది. పాటకూ పాటకూ మధ్య చిన్న రాయితో కుడివైపు అంచు మీద టకటకమని కొట్టి బిగించుకోవాలి. ఎడమవైపు అద్దిన రవ్వముద్ద తడి ఎక్కువైందా, ఆరిపోయిందా చూసుకోవాలి. ముందు వరసల పిల్లలకు ఆ రాయి దెబ్బలే అసలు కచేరీ. చాలామంది పిల్లలు అంతవరకే మేలుకునేవారు. మంగళం పాడే వేళకు అమ్మ ఒళ్లోనో, నాన్న శాలువాలోనో నిద్రపోతూ ఉండేవారు. అలా నిద్రలో విన్న రాగాల వల్లే తమకు సంగీతం అబ్బిందని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. కాదని వాదించి నెగ్గలేం.

ఇక రైలు కూత. సికింద్రాబాదు స్టేషన్ ఊరి మధ్యలో ఉంది. పగలు దాని చప్పుడు ఎవరికీ పట్టదు. రాత్రి కచేరీలో మాత్రం ఆలాపన తారస్థాయికి చేరే వేళకు సరిగ్గా ఏదో ఒక ఇంజను గొంతెత్తుతుంది. ఇది వినేవారి చాదస్తం కాదు, దీని వెనక భౌతికశాస్త్రం ఉంది. పగటి ఎండకు నేల వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి కూడా వేడెక్కుతుంది. పైన చల్లగాలి. ఆ అమరికలో శబ్దం పైకి వంగి ఆకాశంలోకి పోతుంది. చలికాలపు రాత్రి దీనికి తలకిందులు. నేల త్వరగా చల్లబడుతుంది, కింద చల్లగాలి, పైన కాస్త వెచ్చటి గాలి. పైకి పోయిన శబ్దం తిరిగి నేలవైపు వంగుతుంది. అందుకే పగలు వినపడని కూత రాత్రి చెవిలో ఊదినట్టు ఉంటుంది. అదే కారణంగా మైదానం బయట, గోడ అవతల, టికెట్టు కొనకుండా రిక్షా మీద కూర్చున్నవాడికి కూడా పల్లవి స్పష్టంగా వినిపిస్తుంది. సభల నిర్వాహకులకు మాత్రం ఈ భౌతికశాస్త్రం అంతగా నచ్చదు.

కచేరీ మర్యాదలు కొన్ని రాసి పెట్టినవి కావు గానీ అందరికీ తెలుసు. వర్ణంతో మొదలు, రెండు మూడు కృతులు, మధ్యలో ప్రధాన రాగం, దాని వెనక తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం, ఆపైన తుక్కడాలనే చిన్న పాటలు, చివర మంగళం. ఇప్పుడు మనం చూస్తున్న ఈ క్రమాన్ని ఇరవయ్యో శతాబ్దంలో అరియకుడి రామానుజ అయ్యంగార్ నిలబెట్టారంటారు. ఇందులో తని ఆవర్తనం మొదలవగానే సగం సభ లేచి క్యాంటీన్ వైపు నడవడం ఆయన పెట్టిన నియమం కాకపోయినా, దేశమంతటా అదే క్రమశిక్షణతో అమలవుతోంది. మృదంగ విద్వాంసులు ఎన్నిసార్లు బాధపడ్డా బోండాదే పైచేయి. తిరిగి వచ్చేవాళ్లు తని ముగింపు దరువైన మొహర్రా చివర్లో చప్పట్లకు సరిగ్గా అందుకుంటారు. తుక్కడాల సమయానికి చీటీలు మొదలవుతాయి. చేతులు మారుతూ వేదిక చేరిన చీటీలో ఎవరికి కావలసిన పాట వాళ్లు రాస్తారు. తమ చీటీ చదివి గాయకుడు నవ్వి తలూపాడని నలభై ఏళ్ల తర్వాత కూడా చెప్పుకునేవాళ్లకు, ఆ రోజు పాడిన మిగతా పాటలేవీ గుర్తుండవు.

ఈ ఊళ్లో శ్రోతలకు చెవి తయారుచేసినవారిని కూడా తలచుకోవాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు దగ్గరా, శ్రీపాద పినాకపాణి దగ్గరా నేర్చుకున్న నూకల చినసత్యనారాయణ స్థిరపడింది సికింద్రాబాదులోనే. 2010లో పద్మభూషణ్ అందుకున్నారు, 2013లో కన్నుమూశారు. భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల కూడా ఇక్కడే ఉంది. సభలో వెనక వరసలో కూర్చుని తొడ మీద తాళం తప్పకుండా వేసే గృహిణులు ఎక్కడి నుంచి వచ్చారంటే, సగం సమాధానం ఇలాంటి గురువుల ఇళ్లలోనూ, ఇలాంటి బళ్లలోనూ దొరుకుతుంది.

“ఆ రోజు నేనక్కడే ఉన్నా”

కచేరీ జ్ఞాపకాలకు ఒక చిత్రమైన గుణం ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రోజు హాజరైనవారి సంఖ్య పెరుగుతూ పోతుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో పాలకొల్లు నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లవాడు మాండలిన్ మీద కచేరీ చేశాడు. అది ఉప్పలపు శ్రీనివాస్ తొలి కచేరీ. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీదకు దింపేవాడు. జంటలుగా ఉండే ఎనిమిది తీగలు గమకానికి లొంగకపోతే, అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్‌ను తనకు తగ్గట్టు మార్చుకున్నాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం దాకా వెళ్లాడు. 2014లో, నలభై అయిదేళ్లకే, వెళ్లిపోయాడు. ఆ తర్వాత తెలుగునాట ఏ నలుగురు సంగీత ప్రియులు కలిసినా వారిలో ఒకరు గుడివాడలో ఆ రోజు తాము ముందు వరసలోనే ఉన్నామంటారు. అందరి మాటా నమ్మితే గుడివాడ ఊరంతా ఖాళీ చేసినా వాళ్లకు చోటు చాలదు. అయినా ఎవరూ ఎదురు చెప్పరు. తర్వాత ఎన్ని కచేరీలు విన్నా ఆ పిల్లవాణ్ణి మొదటి రోజున వినలేకపోయామన్న దిగులే అలా అబద్ధమాడిస్తుంది కాబోలు.

పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య విన్న పాటలు మనసులో మిగతావాటికంటే గట్టిగా నాటుకుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. అంతకంటే ముందే నాటుకున్న కథ ఒకటి హైదరాబాదులో ఉంది. 1934 నవంబరు 30న, నిజాం ఆస్థాన విద్వాంసుడిగా నియామకం అందుకోవాల్సిన రోజునే, పండిత్ మోతీరామ్ కన్నుమూశారు. ఆయన కొడుకుకు అప్పుడు నాలుగేళ్లు. ఆ పిల్లవాడు బడికి వెళ్లే దారిలో ఒక చిన్న హోటల్లో బేగం అఖ్తర్ రికార్డు మోగుతుంటే అక్కడే నిలబడిపోయేవాడు, బడి తప్పిపోయేది. పెద్దయి పండిత్ జస్‌రాజ్ అయ్యాక కూడా ఆయన ఆ హోటల్ కథ చెప్పేవారు. 1972 నుంచి తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్‌ల పేరిట ఏటా హైదరాబాదుకు వచ్చి సంగీతోత్సవం జరిపించారు. ఎంత దూరాన ఉన్నా నవంబరు నెలాఖరుకు ఇక్కడికి వచ్చి తీరేవారు. చౌమహల్లా ప్యాలెస్ ఆవరణలో జరిగిన సంవత్సరాల్లో లష్కర్ నుంచి శాలువాలు కప్పుకుని పాతబస్తీ దాకా వెళ్లినవాళ్లకు, తెల్లవారుజామున తిరిగి వస్తూ అఫ్జల్‌గంజ్‌లో తాగిన ఇరానీ చాయ్ కూడా ఆ కచేరీలో భాగమే.

హిందుస్తానీ సంగీతానికి ఈ జంటనగరాల్లో మరో గుర్తు ఉంది. బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు గడిపింది బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. 1968 ఏప్రిల్ 25న అక్కడే కన్నుమూశారు, దాయెరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. బషీర్‌బాగ్‌లో ఆయన పేరుతో ఒక దారి ఉంది. రోజూ దాని మీదుగా ఆఫీసుకు వెళ్లేవాళ్లలో ఎంతమంది ఆ బోర్డు చదివారో మరి.

రాత్రి రైలెక్కి

లష్కర్‌కు ఇంకో చెవి ఉంది. కంటోన్మెంటులో పరేడ్ బ్యాండ్లు, 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి లాంటి చోట్ల బృందగానాలు, క్రిస్మస్ ముందు వారమంతా క్యారల్స్, లాలాగూడ, మెట్టుగూడ రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో గిటార్లు, పియానోలు. కర్ణాటక కచేరీకి వెళ్లే ఇంటి పక్కింట్లోనే శనివారం సాయంత్రం డ్యాన్సుకు బట్టలు ఇస్త్రీ అయ్యేవి. త్రిముల్‌ఘెరీ వైపు ఉన్న సైనిక శిక్షణ కేంద్రాల బ్యాండ్లు గణతంత్ర దినోత్సవానికి సాధన చేస్తుంటే గోడ బయట సైకిల్ ఆపి విన్న పిల్లలకు అది మొదటి పాశ్చాత్య సంగీత కచేరీ. టికెట్టు లేదు, కుర్చీ లేదు, పాట పేరు చెప్పేవాడు లేడు.

ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక రాక్ సంగీతం కోసం బెంగళూరు దారి పట్టారు. చాలాకాలం పెద్ద విదేశీ బృందాలు దక్షిణాదికి వస్తే బెంగళూరులోనే దిగేవి. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చింది. 2011 అక్టోబరు 30న మెటాలికా వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే గుర్గావ్‌లో జరగాల్సిన మెటాలికా కచేరీ ఆగిపోయి, జనం వేదిక మీదకెక్కి గొడవ చేశారు. అందుకని ఇక్కడినుంచి రాత్రి రైలెక్కిన నల్ల టీషర్టుల కుర్రాళ్లకు బెంగళూరు చేరేదాకా ఒకటే గుబులు, అక్కడా రద్దవుతుందేమోనని. కాలేదు. మర్నాడు రాత్రి రైల్లో గొంతు పోయి, మెడ పట్టేసి, బెర్తు దొరక్క తలుపు దగ్గర కూర్చుని తిరిగొచ్చినవాళ్లు, ఇప్పుడు ఐటీ కంపెనీల్లో మేనేజర్లుగా ఉంటూ సైలెంటు మోడ్‌లో ఫోను పెట్టుకుని తిరుగుతున్నారు.

ఇప్పుడు బెంగళూరు దాకా పోనక్కర్లేదు. 2025 ఫిబ్రవరి 2న ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్‌సిటీలో పాడాడు. టికెట్లు ఫోనులో, ప్రవేశం చేతికి కట్టిన పట్టీతో. సికింద్రాబాదువాళ్లకు మాత్రం ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లడం, ముఖ్యంగా తిరిగి రావడం, బెంగళూరు ప్రయాణానికి తక్కువేమీ కాలేదు. ఇందులో తమాషా ఏమిటంటే, వారం తర్వాత, ఫిబ్రవరి 9న అదే షీరన్ గాయని శిల్పారావుతో కలిసి ‘దేవర’ సినిమాలోని తెలుగు పాట అందుకున్నాడు. ఎక్కడ? బెంగళూరులో! ఆ వీడియో చూసిన హైదరాబాదీలు పడ్డ బాధ ఇంతా అంతా కాదు. పాతతరం చీటీ రాసి పంపేది, కొత్తతరం ఫోను పైకెత్తి పట్టుకుంటోంది. ఎత్తిన ఫోన్ల వెనక పొట్టివాళ్లకు వేదిక కనపడటం లేదన్నది మాత్రం నిజం.

వేదిక మీదకు సినిమా పాట రావడం కొత్తేమీ కాదు. 1970 ఫిబ్రవరి 1న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో ఘంటసాల సినీగాన రజతోత్సవం జరిగితే 30 వేల మందికి పైగా వచ్చారు. రేడియోలోనూ, గ్రామఫోనులోనూ మాత్రమే విన్న గొంతు ఒక మనిషి నోటి నుంచి రావడం చూడటానికే అంత జనం వచ్చారు. ఆయన పోయింది 1974 ఫిబ్రవరి 11న. ఆ తర్వాత ఆ గొంతును వీధి వీధిలో నిలబెట్టింది ఆర్కెస్ట్రాలు. వినాయక చవితి పందిళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో ఘంటసాలలా పాడేవాడొకడు, సుశీలలా పాడే అమ్మాయొకరు, తర్వాతి కాలంలో బాలులా పాడేవాడు ఇంకొకడు. కాంగోలు, ఎకార్డియన్, ఆపైన కీబోర్డు. అనుకరణ అని పెద్ద విమర్శకులు మొహం చిట్లించేవారు. నిజమే కావచ్చు. కానీ లష్కర్‌లో చాలామంది మొదటిసారి బతికున్న గొంతుతో సినిమా పాట విన్నది ఆ పందిళ్లలోనే, జనరేటరు చప్పుడు వెనక నుంచి.

డప్పు వేదిక

వేదికే లేని సంగీతం కూడా ఈ ఊరిదే. ఆషాఢంలో లష్కర్ బోనాలు వస్తే ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టూ ఉన్న బజార్లన్నీ ఒక్క వాద్యంగా మారతాయి. 1813లో ఇక్కడ కలరా చెలరేగినప్పుడు, ఉజ్జయినికి వెళ్లిన సైనిక పటాలంలోని సూరిటి అప్పయ్య అనే డోలీ మోసే మనిషి అమ్మవారికి మొక్కుకున్నాడనీ, తిరిగి వచ్చాక 1815లో గుడి కట్టించాడనీ చెబుతారు. పోతురాజుల ముందు మోగే తీన్‌మార్‌కు మూలం మర్ఫా అంటారు. నిజాం కొలువులోని అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు తెచ్చిన వాద్యం అది. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి ఉజ్జయిని! ఆ దరువు వినపడితే కర్ణాటక సంగీతంలో ఎంత కాకలు తీరిన రసికుడికైనా కాలు ఆగదు. తాళం ఏమిటని అడిగితే మాత్రం చెప్పడు.

ఇదే లష్కర్ శివార్లలో, అల్వాల్ వెంకటాపురంలో, మనదేశంలోనే అరుదైన ఒక గాయకుడు కాపురమున్నాడు. గుమ్మడి విఠల్‌రావు. 1975లో కెనరా బ్యాంకులో ఉద్యోగం దొరికింది, 1984లో వదిలేశాడు. మరోలా జరిగి ఉంటే కీస్ హైస్కూలు కుర్చీల్లో కూర్చున్న బ్యాంకువాళ్ల మధ్య ఆయనా ఒకడై ఉండేవాడేమో. కానీ 1972లో పుట్టిన విప్లవ సాంస్కృతిక బృందం జననాట్యమండలి అప్పటికే ఆయన్ను గద్దర్‌ను చేసింది. గదర్ పార్టీ నుంచి తీసుకున్న పేరు అది. మొలకు పంచె, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఆయన పాట సగం నోటితో, సగం కాళ్లతో. మధ్యలో ఆగి జనంతో మాట్లాడటం, మాటలోంచి మళ్లీ పాటలోకి జారడం, ఒక్క చరణాన్ని పది నిమిషాలు సాగదీసి ఏడిపించడం, వెంటనే ఒక్క మాటతో నవ్వించడం. రికార్డులో విన్నవాళ్లకు గద్దర్ సగమే తెలుసు. ఆలాపన, నెరవు, కల్పనస్వరం అని పండితులు పేర్లు పెట్టుకున్న పనులన్నీ ఆయన పేరు పెట్టకుండా చేశాడనిపిస్తుంది.

నక్సలైట్ ఉద్యమంలో భాగంగా 1985 నుంచి ఆయన అజ్ఞాతంలో ఉన్నాడు. 1989 చివర్లో మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం వచ్చి ఆ ఉద్యమం మీద ఆంక్షలు సడలించాక, 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చాడు. నిజాం కాలేజీ మైదానంలో జననాట్యమండలి సభ పెడితే రెండు లక్షల మంది వచ్చారంటారు. లెక్క ఎవరు పెట్టారో గానీ, ఆ మైదానమూ ఒక కాలేజీదే, అదీ అరువు చోటే. చెట్ల మీద, గోడల మీద, చుట్టుపక్కల మేడల మీద జనం. డప్పు ఆగినప్పుడు ఆ మౌనం ఎంత బరువుగా ఉండేదో ఆ రోజు వెళ్లినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. వాళ్ల సంఖ్య కూడా గుడివాడ లెక్కలాగే ఏటేటా పెరుగుతూ ఉండొచ్చు. 1997 ఏప్రిల్ 6న వెంకటాపురంలోని ఇంట్లోనే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన తూటాతోనే బతికాడు. ఆ తర్వాత తెలంగాణ కోసం ఊరూరా ధూంధాంలు జరిగిన రోజుల్లో కర్ర పట్టుకుని మళ్లీ గొంతెత్తాడు.

2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయాడు. చూసేందుకు వచ్చే జనం కోసం భౌతికకాయాన్ని లాల్‌బహదూర్ స్టేడియంలో ఉంచారు. యాభై మూడేళ్ల కిందట ఘంటసాలకు రజతోత్సవం చేసిన స్టేడియమే. మరునాడు అంతిమయాత్ర అల్వాల్‌కు సాగింది. దారి పొడవునా డప్పులు, ఆయన పాటలు. ఒకడు ఆపితే మరొకడు అందుకున్నాడు, ఎవరికీ చీటీ అక్కర్లేకపోయింది. చివరికి తీసుకెళ్లింది ఆయనే స్థాపించిన మహాబోధి విద్యాలయానికి. ఆ బడి ఆవరణలోనే ఖననం చేశారు.